టైపు మిషన్ నుంచి గింప్ దాకా: అక్షరాలతో బొమ్మ

త్యాగరాజస్వామి ఆరాధన నాడు మేము గ్రూపులో పెట్టిన అక్షరాల బొమ్మ ఎట్లా చేశామని కొందరు అడిగారు. ఆ బొమ్మలో ఒక పెద్ద తప్పు ఉండింది. రెండూ చెప్పాలనే ఈ వ్యాసం.

అక్షరాలతో బొమ్మ కట్టడం కంప్యూటరుతో వచ్చిన విద్య కాదు. పద్మం, చక్రం, నాగం, ఖడ్గం ఆకారాల్లో అక్షరాలు ఇమిడేట్టు పద్యం చెప్పే బంధకవిత్వం మన పెద్దలది. తమిళంలో దీన్ని సిత్తిరకవి అంటారు. దండి సంస్కృతంలో రాసిన కావ్యాదర్శమే తమిళ దండియలంకారానికి మూలం. తమిళ మీడియంలో చదివిన మాకు సిత్తిరకవి పేరు బడిలోనే తెలుసు. తెలుగులోనూ ఆ విద్య ఉందని రిటైరయ్యాకే తెలిసింది.

తరువాత టైపు మిషన్ వచ్చింది. 1898లో ఇంగ్లండులో ఫ్లోరా స్టేసీ అనే ఆమె టైపు గుర్తులతోనే సీతాకోకచిలుక బొమ్మ కొట్టింది. మేము రైల్వేలో చేరిన రోజుల్లో ఆయుధపూజ నోటీసు చుట్టూ ఎక్స్, స్టార్ గుర్తులతో అంచు కట్టేవాళ్ళం. అదీ ఆ వంశమేనని అప్పుడు తెలియదు. 1966లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో హార్మన్, నోల్టన్ అనే ఇద్దరు ఫోటోను చిన్న చిన్న గుర్తులుగా మార్చి కంప్యూటరుతో అచ్చు వేశారు.

ఇప్పుడు మేము వాడేది గింప్. బర్క్‌లీ యూనివర్సిటీలో చదువుతున్న స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ 1995లో మొదలుపెట్టి, 1996లో అందరికీ ఇచ్చారు. ఈనాటికీ పైసా ఖర్చు లేదు. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కింది గనుక ఇందులో తెలుగు నేరుగా టైపు చేయవచ్చు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినది తెచ్చి అతికిస్తే మాత్రం పిచ్చి గీతలు వస్తాయి.

చేసే విధానం ఇది. అడుగున నల్ల లేయర్, దానిమీద ఫోటో, ఆపైన పేరును వరుసగా నింపిన టెక్స్ట్ లేయర్. టెక్స్ట్ లేయర్‌మీద ‘ఆల్ఫా టు సెలెక్షన్’ కొట్టి, ఫోటో లేయర్‌కు ఆ సెలెక్షన్‌తో మాస్క్ వేయాలి. టెక్స్ట్ లేయర్ పక్కన కన్ను గుర్తు తీసేస్తే అక్షరాలున్న చోట మాత్రమే ముఖం కనిపిస్తుంది. ఫాంట్ లావుగా ఉండాలి. మేము వాడినది రామభద్ర. అష్టదిగ్గజాలలో ఒకరైన అయ్యలరాజు రామభద్రుని పేరు దానికి పెట్టారు. తమిళంలో పుళ్ళి పెడితే సరిపోతుంది, తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి. అందువల్ల వరుసల మధ్య ఎడం చూసుకోవాలి, లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస తలకట్టును తొక్కుతుంది.

ఇక తప్పు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఆ అలవాటుతో మేము ‘త్యాకరాజ’ అని ఒకసారి టైపు చేసి, కాపీ చేసి బొమ్మంతా నింపేశాము. గ్రూపులో దండాలు, పూలు వచ్చి పడ్డాయి. మూడో రోజు ఎనభై దాటిన ఒక అవ్వ ఫోన్ చేసింది. “ఏం నాయినా, స్వామి పేరులో గ యాడికి పోయె?”

మాకు తల కొట్టేసినట్టయింది. పొగిడినవాళ్ళంతా బొమ్మను చూశారు, అక్షరాన్ని చదవలేదు. చేసిన మేమే చదవలేదు, ఇంక ఎవరిని అనాలి? తిరువయ్యారులో తెలుగులో పాడి, 1847లో అక్కడే సమాధి అయిన మహానుభావుని పేరు, తెలుగువాళ్ళమని సంఘం పెట్టుకున్న మన మధ్య మూడు రోజులు తప్పుగా తిరిగింది.

దిద్దుదామంటే మేము జేపెగ్ మాత్రమే దాచుకున్నాము. గింప్ సొంత ఫైలు ఎక్స్‌సీఎఫ్‌గా దాచి ఉంటే టెక్స్ట్ లేయర్ తెరిచి మార్చి, మాస్క్ మళ్ళీ వేస్తే అయిపోయేది. మొదటినుంచి చేయాల్సి వచ్చింది. ఈసారి కాపీ చేయలేదు. ప్రతిసారీ చేత్తోనే కొట్టాము. నాలుగు సాయంత్రాలు పట్టింది. ‘గ’ ఇక మరిచిపోము.

మీరూ మీ ఇంటి పెద్దల ఫోటోతో, వాళ్ళ పేరుతో ఒకటి చేయండి. పిల్లలచేత టైపు చేయించండి. గ్రూపులో పెట్టేముందు ఇంట్లో తెలుగు చదవగల అవ్వ ఉంటే ఆమెకు చూపించండి. మా కొత్త బొమ్మ ముందుగా ఆ అవ్వకే పంపించాము. సరిగా ఉందని చెప్పిన తరువాతే ఇక్కడ పెడుతున్నాము.