డీకన్‌ఫ్లిక్షన్

ఇది అమెరికా సైన్యపు మాట. ఒకే ఆకాశంలో తిరిగే తమ విమానాలు గుద్దుకోకుండా, తమ ఫిరంగి గుండు తమ హెలికాప్టర్‌కే తగలకుండా వేళలూ దారులూ ముందే చెప్పుకోవడాన్ని వాళ్లు అలా అన్నారు. ఇందులో కాన్‌ఫ్లిక్ట్ అంటే యుద్ధం అని కాదు, రెండు దారులు ఒకచోట అడ్డుపడటం. దీన్ని 'ఘర్షణ నివారణ' అని తెలుగు చేస్తే ఎవరో సంధి కుదిర్చారనుకుంటాం!

తర్వాత సహాయ సంస్థలూ ఈ మాటను అందుకున్నాయి. ఆసుపత్రి, గోదాము, లారీల వరుస ఎక్కడున్నాయో అక్షాంశ రేఖాంశాలతో సహా సైన్యాలకు తెలియజేయడమన్నమాట. ఆసుపత్రికి రక్షణ ఇలా ఇచ్చే జాబితా వల్ల రాదు. జెనీవా ఒప్పందాల ప్రకారం అది ముందునుంచీ ఉన్నదే.

2015 అక్టోబర్ 3న అఫ్గానిస్తాన్‌లోని కుందుజ్‌లో అమెరికా విమానం 'డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్' ఆసుపత్రిపై దాడి చేసింది. 42 మంది చనిపోయారు. ఆసుపత్రి ఎక్కడుందో ఆ సంస్థ అంతకుముందే సైన్యానికి చెప్పింది. 2024 ఏప్రిల్ 1న గాజాలో 'వరల్డ్ సెంట్రల్ కిచెన్' వాహనాల రాకపోకలు కూడా ఇజ్రాయెల్ సైన్యానికి ముందే తెలుసు. అయినా ఆ సైన్యం చేసిన దాడిలోనే ఏడుగురి ప్రాణాలు పోయాయి. సిరియాలోనైతే జాబితాలో ఉన్న ఆసుపత్రుల మీదే బాంబులు పడ్డాయి. జాబితా ఇచ్చిపుచ్చుకునే ఆ ఏర్పాటు నుంచి రష్యా 2020లో తప్పుకుంది.

ఐక్యరాజ్యసమితి కాగితాల్లో ఇప్పుడు 'నోటిఫికేషన్' అన్న మాట కూడా కనిపిస్తోంది. తెలియజేశాం అని చెప్పి ఊరుకునే ఆ మాటే నయం.