ముహ్తసిబ్ ముద్ర: మాంసం, పాల పరీక్షల చరిత్ర

మాంసం దుకాణం దగ్గర మనవాళ్ళు సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: "హలాలేనా భాయ్?" అవునని జవాబు వస్తే చాలు, సంచీ చాచేస్తాం. జబహ్ ఎవరు చేశారో తెలుసుకుంటాం గాని, ఆ జీవాన్ని కోయకముందు ఎవరైనా పరీక్షించారా, కోసిన తరువాత దాని కాలేయం, ఊపిరితిత్తులు చూశారా అని అడిగేవాళ్ళు బహు తక్కువ. అట్లా అడిగితే అమ్మేవాడిని అవమానించినట్టవుతుందని పెద్దవాళ్ళు కొందరు అనుకుంటారు. మన చరిత్రలో మాత్రం ఈ అభిప్రాయానికి ఆధారం కనపడదు. దివ్య ఖుర్ఆన్ రెండవ సూరా 168వ ఆయత్‌లో హలాల్ అనే మాట పక్కనే తయ్యిబ్ అనే మాట కూడా ఉన్నది. తయ్యిబ్ అంటే శుభ్రమైనది, మంచిది అని అర్థం. మొదటి మాట మన నాలుక మీద నిలిచింది. రెండవది ఎక్కడో జారిపోయింది.

ప్రవక్త (స) స్వయంగా మదీనా బజారులో ఒక ధాన్యపు కుప్పలోకి చెయ్యి పెట్టి చూశారని హదీసు. పైన పొడిగా ఉన్న ధాన్యం లోపల తడిసి ఉన్నది. అమ్మేవాడు ముస్లిమేగదా, మాట అడిగి సరిపెట్టుకోవచ్చు. అయినా చెయ్యి పెట్టి చూశారు.

హజ్రత్ ఉమర్ (రజి) కాలం నాటి పాలమ్మాయి కథ మనందరికీ తెలిసిందే. పాలల్లో నీళ్ళు కలపమని తల్లి చెప్పడం, ఖలీఫా వద్దన్నారు గదా అని కూతురు అనడం, ఉమర్ చూస్తున్నాడా ఏమిటి అని తల్లి అంటే, ఉమర్ చూడకపోయినా అల్లాహ్ చూస్తున్నాడని కూతురు బదులివ్వడం, ఆ మాటలు గోడ అవతల ఖలీఫా చెవిన పడడం. ఆయన తన కుమారుడు ఆసిమ్‌కు ఆ పిల్లనే చేసుకున్నారనీ, ఆమె కూతురి కొడుకే 717లో ఖలీఫా అయిన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ అనీ చెబుతారు. బళ్ళో ఈ కథ చెబితే పిల్లలందరూ ఆ అమ్మాయిని మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. కాని ఆ రాత్రి ఖలీఫా వీధుల్లో తిరుగుతున్నారన్న సంగతి కూడా గమనించమని మేము చెబుతుంటాము. అటువంటి పిల్ల ఏ ఒక్క ఇంట్లోనో ఉంటుంది, బజారంతా ఉండదు గదా!

అందుకే తరువాతి కాలంలో ముహ్తసిబ్ అనే ఉద్యోగి వచ్చాడు. బజారులో తూకాలు, కొలతలు, సరుకుల మంచిచెడ్డలు చూడడం అతని పని. సలాహుద్దీన్ అయ్యూబీ కాలంలో, అంటే 12వ శతాబ్దంలో, సిరియా దేశపు అబ్దుర్రహ్మాన్ అష్షైజరీ ఈ ఉద్యోగుల కోసం 40 అధ్యాయాల పుస్తకం వ్రాశాడు. 1329లో చనిపోయిన ఈజిప్టు పండితుడు ఇబ్నుల్ ఉఖువ్వా ఇంకా పెద్ద పుస్తకం వ్రాశాడు. ఉపదేశాలే ఉంటాయనుకుని తెరిచేవాడికి ఇవి బజారు రహస్యాలన్నీ విప్పి చూపిస్తాయి.

షైజరీ ఖస్సాబ్‌ల అధ్యాయం చూడండి. మేక మాంసం, గొర్రె మాంసం కలపకూడదు. మేక మాంసం మీద కుంకుమపువ్వు చుక్కలు పెట్టాలి. చివరి ముక్క అమ్ముడుపోయేదాకా మేక తోక మాంసానికే వేలాడుతూ ఉండాలి. దుకాణం వాకిట్లో కోసి దారిని నెత్తురు చెయ్యరాదు. పని అయిన తరువాత నరికే మొద్దు మీద ఉప్పు చల్లి మూతపెట్టాలి. కుక్కలూ పురుగులూ దాన్ని ముట్టుకోకుండా ఈ ఏర్పాటు. జీవం జబహ్ అయినదా, చచ్చినదా అని అనుమానం వస్తే నీళ్ళల్లో వెయ్యమంటాడు: మునిగితే జబహ్ అయినది, తేలితే చచ్చినది. ఈ పరీక్షను ఈనాడు ఏ డాక్టరూ ఒప్పుకోడు, మేమూ నమ్మము. దాని పక్కనే చెప్పిన గుడ్డు పరీక్ష మాత్రం మన వంటిళ్ళలో ఇప్పటికీ నడుస్తున్నది. గుడ్డు పాతబడ్డకొద్దీ లోపలి తేమ ఆరి గాలి చేరుతుంది, అందుకే తేలుతుంది. పాలకైతే ఒక వెంట్రుకను ముంచి తియ్యమన్నారు. పాలు అంటుకుని వస్తే మంచివి, అంటకపోతే నీళ్ళు కలిసినవి.

వండిన మాంసాన్ని కూడా వదలలేదు. గొర్రెపిల్లను పొయ్యిలో దించేముందు తూచాలి, తీసిన తరువాత మళ్ళీ తూచాలి. మూడోవంతు బరువు తగ్గితే ఉడికినట్టు, లేకపోతే మళ్ళీ పొయ్యిలోకే. పేగుల్లో మాంసం కూరి అమ్మేవాళ్ళ దుకాణాలు ముహ్తసిబ్ కూర్చునే చోటికి దగ్గరలోనే ఉండాలి, ఎందుకంటే లోపల ఏం కూరారో పైకి తెలియదు. ఇక హరీసా కుండలు. మన హైదరాబాదు హలీమ్‌కు ఈ హరీసాయే తాత. నిజాముల కొలువులో చేరిన అరబ్బు సైనికులతోపాటు ఇది బార్కస్‌కు వచ్చింది. ఆ కాలంలో సాయంత్రం కుండ పొయ్యి మీద పెట్టగానే ముహ్తసిబ్ ముద్ర పడేది. తెల్లవారుజామున అతని మనిషి ఎదుటనే మూత తియ్యాలి. లేకపోతే రాత్రికి రాత్రి లోపలి మాంసం మాయమయ్యేదట!

ఇంత పని ఒక్కడివల్ల అవుతుందా? ప్రతి వృత్తికీ ఆ వృత్తివాళ్ళలోంచే ఒక నమ్మకస్తుణ్ణి 'అరీఫ్'గా పెట్టుకోమన్నాడు షైజరీ. ఏ మోసం ఎట్లా జరుగుతుందో లోపలివాడికి తెలిసినట్టు బయటివాడికి తెలియదు. ఇంత తెలివైన మాట ఆ పుస్తకం మొత్తంలో ఇంకొకటి లేదని మా అభిప్రాయం.

మన దేశంలో అలాఉద్దీన్ ఖిల్జీ (1296–1316) బజారు కట్టుబాట్లు ప్రసిద్ధమే, అయితే అవి ఎక్కువగా ధరలు, తూకాల గురించి. పరీక్ష సంగతిలో నిజమైన మార్పు యంత్రాలతో వచ్చింది. లాక్టోమీటర్ పాల చిక్కదనం చూస్తుంది. దాన్నీ మోసం చేశారు: మీగడ తీస్తే పాల సాంద్రత పెరుగుతుంది, నీళ్ళు పోస్తే తగ్గుతుంది, రెండూ చేస్తే లెక్క సరిపోయి మీటరు మంచి పాలనే చెబుతుంది! అమెరికాలో 1890లో బాబ్‌కాక్ అనే ఆయన పాలల్లో వెన్న శాతం తేల్చే పరీక్ష కనిపెట్టిన తరువాత ఆ ఎత్తు పారలేదు. మన దేశంలో 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టం, దాని స్థానంలో 2006 నాటి ఆహార భద్రతా చట్టం వచ్చాయి.

షైజరీ మేక తోకతో పట్టుకున్న మోసాన్ని ఈనాడు డీఎన్ఏతో పట్టుకుంటున్నారు. 2013 జనవరిలో ఐర్లండు ఆహార భద్రతా సంస్థ, ఎద్దు మాంసమని అమ్ముతున్న 27 రకాల బర్గర్లను పరీక్షించిన ఫలితాలు ప్రకటించింది. 10 రకాల్లో గుర్రం డీఎన్ఏ, 23 రకాల్లో పంది డీఎన్ఏ దొరికాయి. చాలావాటిలో అది అతి స్వల్పమే గాని, ఒకదానిలో గుర్రం మాంసం 29 శాతం దాకా ఉన్నది. పెట్టె మీద అచ్చు చూసి తిన్నవాళ్ళకు ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. ఇటువంటి పరీక్ష కోసం మనం ఐర్లండు పోనక్కరలేదు. హైదరాబాదు దగ్గర చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధనా సంస్థ ఉన్నది. ఏ ముక్క ఏ జంతువుదో అక్కడ తేల్చగలరు.

రోజువారీ కొనుగోలుకు అంత దూరం వెళ్ళలేము. దానికి మునిసిపల్ కబేలా ముద్ర ఉన్నది. పశువైద్యుడు కోతకు ముందు జీవాన్ని, కోత తరువాత లోపలి అవయవాలను చూసి వేసే ముద్ర అది. జ్వరంతో నిలబడలేని మేక, ఊపిరితిత్తుల్లో గడ్డలున్న పొట్టేలు అక్కడే ఆగిపోవాలి. ఇంటి వెనక కోసిన మాంసానికి జబహ్ సరిగానే జరిగి ఉండవచ్చు, ఈ చూపు మాత్రం దొరకదు. వలీమాకు వందమందికి వండించేటప్పుడు రూపాయి తగ్గుతుందని అటువంటి చోటే కొనేవాళ్ళు మనలో ఉన్నారు.

కాబట్టి మన సొసైటీ విందులకు మాంసం తెచ్చేటప్పుడు, ముద్ర ఉన్న భాగం చూసిన తరువాతే డబ్బు ఇవ్వాలని విందు కమిటీ వారికి మనవి చేస్తున్నాము. ఖురేషీ సోదరులు దీన్ని వేరుగా తలచవద్దు. వారిలోంచే ఒక పెద్దను అరీఫ్‌గా మన కమిటీలో కూర్చోబెట్టుకుంటే పని మరీ సులువవుతుంది. ఈ సంగతి రంజాన్ లోపల తేల్చుకుంటే హలీమ్ దేగ్‌లకు కూడా పనికివస్తుంది.