గడప దాటిన ఆబ్జెక్టు

ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు ఆబ్జెక్టు మెమరీలో ఉంటుంది. దానిలో విలువలుంటాయి, పక్క ఆబ్జెక్టుల చిరునామాలుంటాయి. ప్రోగ్రాము గడప దాటితే ఆ చిరునామాలు ఎందుకూ కొరగావు. విలువలను వరసగా పేర్చి పంపాలి, అవతలివాళ్లు మళ్లీ ఆబ్జెక్టు కట్టుకోవాలి. సీరియలైజేషన్ అంటే ఇదే.

తొలి పరిష్కారాల్లో ఎక్కువ బైనరీవే. 1987లో సన్ కంపెనీ ఎక్స్‌డీఆర్, 1991లో కోర్బా, ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ డీకామ్, జావా ఆర్‌ఎంఐ వచ్చాయి. ఎవరి ఫార్మాట్ వాళ్లదే. పైగా సంస్థల ఫైర్‌వాల్ దగ్గరే ఇలాంటి సందేశాలు ఆగిపోయేవి.

1998 ఫిబ్రవరి 10న ఎక్స్‌ఎంఎల్ ప్రమాణమైంది. 1986 నాటి ఎస్‌జీఎంఎల్‌ను కుదించి పత్రాల కోసం చేసిన భాష అది, ఆబ్జెక్టుల కోసం కాదు. అయినా అక్షరాల్లో ఉండటం, మనిషి చదవగలగడం, వెబ్ దారిలోనే వెళ్లగలగడం అందరినీ ఆకట్టుకున్నాయి. ప్రతి ఎక్స్‌ఎంఎల్ ప్రాసెసరూ యూనికోడ్ చదవాలన్న నిబంధన మనకూ మేలు చేసింది: తెలుగు పేరు ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి చెక్కుచెదరకుండా చేరే వీలు కలిగింది. ప్రోగ్రాములు ఎక్స్‌ఎంఎల్ సందేశాలతో మాట్లాడుకోవడానికి, అదే ఏడాది ప్రోగ్రామర్ డేవ్ వైనర్ తదితరుల కృషితో ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ, 2000 మేలో సోప్ 1.1 వచ్చాయి.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. ఆర్డరు ఆబ్జెక్టులో కస్టమరు ఉంటాడు. ఆ కస్టమరులో అతని ఆర్డర్ల జాబితా ఉంటుంది. ఎక్స్‌ఎంఎల్ చెట్టులా కొమ్మలు వేసుకుంటూ పోతుంది, తిరిగి మొదటికి రాలేదు. సోప్ ఎన్‌కోడింగ్ దీనికి ఒకటికి మించిన చోట్ల కనిపించే ఆబ్జెక్టుకు ఒక గుర్తింపు పేరు ఇచ్చి, మిగతాచోట్ల ఆ పేరునే చూపించమంది. ఉపాయం తెలివైనదే. కానీ ఒక టూల్‌కిట్ రాసింది మరొకటి సరిగా చదవలేని సందర్భాలు పెరిగాయి. చివరకు 2004లో ఖరారైన డబ్ల్యూఎస్-ఐ సంస్థ నిబంధనావళి బేసిక్ ప్రొఫైల్ ఆ ఎన్‌కోడింగ్‌ను పక్కన పెట్టేసింది. సందేశం స్కీమాకు, అంటే ముందే రాసుకున్న నిర్మాణ వర్ణనకు, కట్టుబడ్డ పత్రంగా ఉండాలంది. ఈ చరిత్రలో నా దృష్టిలో అతి ముఖ్యమైన మలుపు ఇదే.

2002లో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌తో వచ్చిన ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్ పబ్లిక్ సభ్యులనే రాసేది, పారామీటర్లు లేని కన్‌స్ట్రక్టర్ అడిగేది, చక్రంలా తిరిగే లింకులు కనిపిస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది. జావాలో జాక్స్‌బీ అనే లైబ్రరీ స్కీమా నుంచి క్లాసులు పుట్టించింది. దాన్ని జావా 6లో చేర్చి, 2018లో జావా 11 నుంచి తీసేశారు.

ఖాళీ విలువ తెచ్చిన ఇబ్బంది గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సందేశంలో బాకీ అనే ఎలిమెంటు అసలు లేకపోవచ్చు, ఉండీ ఖాళీగా ఉండొచ్చు, నిల్ అని గుర్తు పెట్టి ఉండొచ్చు. మూడింటికీ అర్థాలు వేరు. మామూలు ఇంటిజర్ ఫీల్డులోకి చదివితే మాత్రం రాని విలువ సున్నాగా మిగిలిపోతుంది. చెప్పని బాకీకీ, లేని బాకీకీ తేడా చెరిగిపోతుంది. డాట్‌నెట్‌వాళ్లు విలువ వచ్చిందో లేదో చెప్పే మరో బూలియన్ ఫీల్డు జతచేయాల్సి వచ్చింది.

2006లో జేసన్ అనే తేలికపాటి ఫార్మాట్‌కు ఆర్‌ఎఫ్‌సీ అనే నిర్దేశ పత్రం వచ్చింది, సందేశాల బరువు తగ్గింది, వెబ్ అటు మళ్లింది. మన ఆదాయపు పన్ను రిటర్నులు కూడా 2021-22 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఎక్స్‌ఎంఎల్ వదిలి జేసన్‌కు మారాయి. అలాగని ఎక్స్‌ఎంఎల్ పోలేదు. ఆధార్ ధ్రువీకరణ, యూపీఐ సందేశాలు ఎక్స్‌ఎంఎల్‌లోనే రూపొందాయి. రిజర్వు బ్యాంకు ఆర్‌టీజీఎస్ 2013 నుంచి ఎక్స్‌ఎంఎల్‌లో ఉండే ఐఎస్ఓ 20022 సందేశాలతో నడుస్తోంది.

ఇవాళ కొత్త సర్వీసు రాసేవారు జేసన్ ఎంచుకున్నా, మరేది ఎంచుకున్నా, క్లాసు రాసి దాన్నే సందేశంగా బయటికి పంపే అలవాటు మానుకోవాలి. ముందు సందేశం ఎలా ఉండాలో అవతలివారితో కూర్చుని తేల్చుకోండి, క్లాసులు ఆ తర్వాత రాయండి.