సూరతు మగ్గములు ఆగిన యేడు

ఉద్యోగరీత్యా సూరతునకు బదిలీయై వచ్చు తెలుగువారు శివాజీ దండయాత్రను గూర్చియు, ఆంగ్లేయుల కోఠీని గూర్చియు తప్పక విందురు. 1664లో శివాజీ ఈ పట్టణమును కొల్లగొట్టిన సంగతి పాఠశాల బాలురకు గూడ తెలియును. అంతకు ముప్పది నాలుగేండ్లు ముందుగా, ఏ శత్రువును ద్వారము తట్టకయే, ఈ పట్టణము ఇంకను ఘోరముగా పాడువడెను. ఆ కథ మాత్రము అరుదుగా వినవచ్చును. గుజరాతీలు దానిని 'సత్యాసియో దుకాళ్' అందురు. విక్రమశకము 1687వ సంవత్సరపు కఱవని దాని యర్థము. మనకు నందన కఱవు, ధాత కఱవు ఎట్టివో వారికి ఇది యట్టిది.

1630లో గుజరాతున వానలు పూర్తిగా లోపించినవి. దక్కనులో దౌలతాబాదు పరిసరములందు అంతకు ముందటి యేడే కాటకము పట్టియుండెను. మరుసటి యేడు వానలు వచ్చినవి గాని, వలసినదానికి మించి వచ్చి, ఉన్న పైరును ముంచినవి. దాని వెనుక జ్వరములు వచ్చినవి. అనావృష్టి, అతివృష్టి, వ్యాధి అను మూడును ఒకదాని చేయి మఱియొకటి పట్టుకొని వచ్చిన ట్లుండెను.

ఇంతవరకు ఇది ప్రకృతి చేసిన పని. తక్కినది మనుష్యులు చేసిరి. అప్పుడు షాజహాను చక్రవర్తి అహమ్మదునగరపు నిజాంషాహీలపైనను, వారి నాశ్రయించిన తిరుగుబాటుదారు ఖాన్ జహాన్ లోడీపైనను యుద్ధము సాగించుచు బుర్హాన్‌పురమున విడిసియుండెను. సూరతును ఒరసి పారు తపతీ నదికి ఎగువనే ఆ బుర్హాన్‌పురము కలదు. మాళవమున ధాన్యము లేకపోలేదు. దానిని ఎద్దులపై మోసి తెచ్చు బంజారాలును కలరు. కాని వారి పెరికలు మొదట చక్రవర్తి దండునకు చేరవలెను. లక్షల నోళ్ళున్న ఆ శిబిరమును దాటి గింజ దిగువకు వచ్చుట దుర్లభమైనది. ఒకే నదీతీరమున ఎగువవారు తినుచుండగా దిగువవారు ఆకలిచే చచ్చిరి.

చక్రవర్తి ఏమియు చేయలేదనుట న్యాయము కాదు. 'పాదుషానామా' వ్రాసిన అబ్దుల్ హమీద్ లాహోరీ దొరవారి దానమును కొంత ఉత్సాహముతోనే లెక్కపెట్టెను. బుర్హాన్‌పురమున సోమవారమునకు 5,000 రూపాయల వంతున ఇరువది వారములు పంచిరట. అహమ్మదాబాదునకు 50,000 ఇచ్చిరట. అన్నసత్రములు తెరచిరట. సుమారు 70 లక్షల పన్ను మాఫీ చేసిరట. లెక్క చూడగా గొప్పగానే యున్నది. అయినను గింజ లేనిచోట రూపాయ యేమి చేయును? దండును కదలించియున్నచో ఆ లక్షకంటె నెక్కువ ప్రాణములు దక్కియుండునని నాకు తోచును.

పీటర్ మండీ యను ఆంగ్లేయుడు 1630 నవంబరులో సూరతునుండి ఆగ్రాకు బయలుదేరెను. దారి పొడవునను శవములే కనబడినట్లు అతడు వ్రాసికొనెను. దోపిడికాండ్రకు భయపడి బాటసారులు గుంపులు కట్టి నడచుచుండిరి. నిన్నటి రైతు నేటి దొంగ యగుటకు ఒక్క యేటి కఱవు చాలును. సూరతు కోఠీ యధ్యక్షుడు రాస్టెల్ 1631లో మరణించెను. మండీ 1633లో తిరిగివచ్చు నప్పటికి అతని సహచరులలో పలువురు లేరు. ధనికులైన వర్తకులకే ఈ గతి పట్టగా సాలెవానిని గూర్చి వేఱుగ చెప్పవలెనా? వానికి పొలము లేదు. నేసిన గుడ్డ యమ్మి గింజ కొనవలసినవాడు. గింజ ధర మండునప్పుడు గుడ్డ కొనువాడుండడు. కావున కఱవులో రైతుకంటె ముందుగా నేతగాడే కూలును. కఱవు తగ్గిన తరువాత గూడ మగ్గములు వెంటనే ఆడలేదు. ధాన్యమునకు ధర హెచ్చుగా నుండుటచే రైతులు పత్తి మాని గింజ విత్తిరి. నేర్పరులు చచ్చినందున నేత నాణ్యమును తగ్గినది.

ఇక్కడనే తెలుగునాటి సంబంధము తగులును. 1633లో సూరతు కోఠీకి అధ్యక్షుడుగా వచ్చిన విలియం మెత్‌వోల్డు అంతకు పూర్వము మచిలీపట్టణమున పనిచేసి, గోలకొండ రాజ్యమును గూర్చి గ్రంథము వ్రాసినవాడు. ఆ గ్రంథము 1626లో అచ్చుపడినది. గుజరాతు గుడ్డ దొరకనందున ఆంగ్లేయులును, డచ్చివారును తెలుగు తీరపు వస్త్రములవైపు మరింతగా చూచిరి. అబ్దుల్లా కుతుబ్‌షా ఆంగ్లేయుల కొసగిన 'బంగారు ఫర్మానా' ఆ కాలపుదే. ఒకరి కఱవు మఱియొకరికి బేరమైనదని యనుకొందుమేమో! అదియు పూర్తిగా నిజము కాదు. ఆ కఱవు కృష్ణాతీరమును గూడ తాకినది. మచిలీపట్టణపు చుట్టుప్రక్కల సాలెవారు, చాకలివారు పెక్కుమంది చచ్చిరి.

పదునేడవ శతాబ్దమున ఇట్టి గతి మనకే పట్టలేదు. ఐరోపాలో ముప్పది యేండ్ల యుద్ధము, చీనాలో కాటకముల నడుమ 1644లో మింగు వంశపు పతనము, ఇవన్నియు ఆ చలికాలపు శతాబ్దమున జరిగినవే. జెఫ్రీ పార్కర్ అను చరిత్రకారుడు 2013లో ప్రకటించిన బృహద్గ్రంథమున వీని నన్నిటిని వాతావరణముతో ముడివెట్టెను. నేనంత దూరము పోజాలను. వాన రాకపోయినంత మాత్రమున రాజులు కత్తి దూయరు. కాని దూసిన కత్తిని ఒరలో పెట్టక, కఱవునే ఘోరకలిగా మార్చుదురు. ఆనాటి మార్పు ప్రకృతి సహజము. నేటి వేడి బొగ్గు, పెట్రోలు కాల్చి మనము తెచ్చుకొన్నది. ఈ భేదమును చదువరులు గమనింపవలెను.

నేడు సూరతు మరమగ్గములపై తెలంగాణ పద్మశాలీయులు వేలకొలది పనిచేయుచున్నారు. ఊళ్ళలో మగ్గము గిట్టక వలసవచ్చిన కుటుంబములివి. వీరికిప్పుడు అనావృష్టికంటె తపతి పొంగు దగ్గరి భయము. 1968లో ఒకసారి పట్టణము మునిగెను. 1972లో ఉకై ఆనకట్ట పూర్తియైన పిదప భయము తీరినదని జనులు తలచిరి. 2006 ఆగస్టులో ఎగువ వానలకు జలాశయము నిండి, సుమారు 9 లక్షల క్యూసెక్కులు వదలవలసివచ్చెను. పట్టణములో చాలభాగము నీటి పాలయ్యెను. పొలములకును, విద్యుత్తునకును నీరు నిలుపవలెనని యొకరు, వరదకు చోటు విడువవలెనని యొకరు ఈనాటికిని వాదింతురు. ఇరువురిదియు న్యాయమే. అదియే చిక్కు.

మన యింటి సంగతియు చూడుడు. కృష్ణాజలముల తగవు తీర్చుటకు 1969లో బచావతు న్యాయస్థానమును నియమించిరి. 2004లో మఱియొకటి వచ్చెను. 2023 నవంబరు చివర, వానలు తక్కువైన యేట, నాగార్జునసాగరపు ఆనకట్టపై రెండు తెలుగు రాష్ట్రముల పోలీసులు ఎదురెదురుగా నిలిచిరి. గేట్లలో సగమును ఆంధ్రప్రదేశ్ పోలీసులు స్వాధీనము చేసికొనిరి. శాంతికై కేంద్ర బలగములు రావలసివచ్చెను. ఇరువైపుల నిలిచినవారు ఒకే భాష మాటలాడువారు, బహుశః ఒండొరులకు బంధువులు గూడ. తపతికి మధ్యప్రదేశము, మహారాష్ట్రము, గుజరాతు అని మూడు యజమానులు. జల్గాఁవ్ జిల్లాలోని హత్నూరు గేట్లు తెరచిన సంగతి ఉకై యధికారులకు ఎన్ని గంటలు ముందుగా చేరునో, దానిపై సూరతులోని మగ్గముల గుంతలు మునుగుటయో, మునుగకుండుటయో ఆధారపడియుండును.