జాలీ వెనక దీపం

ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలో, న్యూకాజిల్ పట్టణానికి దగ్గరలో ఫెల్లింగ్ అనే బొగ్గుబాయి ఉండేది. 1812 మే 25న అందులో గ్యాస్ అంటుకుని బాయి పేలిపోయింది. 92 మంది చనిపోయారు. వాళ్లలో పదేళ్లు నిండని పిల్లలు కూడా ఉన్నారు. లోపలి మంట ఆరడానికి బాయి నోళ్లు మూసెయ్యాల్సి వచ్చింది. మృతదేహాల కోసం జులైలో గానీ దిగలేకపోయారు.

బొగ్గు పొరల్లోంచి ఊరే ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేన్. రంగూ వాసనా ఉండవు. గాలిలో అది 5 నుంచి 15 శాతం దాకా ఉందంటే చిన్న నిప్పు చాలు, పేలుతుంది. అయితే బొగ్గు కొట్టే మనిషికి వెలుతురు కావాలి, ఆ రోజుల్లో వెలుతురంటే కొవ్వొత్తి. గ్యాస్ ఎక్కువున్న చోట ఉక్కు చక్రాన్ని చెకుముకిరాయికి ఆనించి తిప్పించి, రాలే నిప్పురవ్వల వెలుగులో బొగ్గు కొట్టేవాళ్లు. ఆ రవ్వలకు కూడా గ్యాస్ అంటుకున్న సందర్భాలున్నాయి. కుళ్లిన చేపల చర్మం నుంచి వచ్చే మసక మెరుపుతో పని చేయడానికి ప్రయత్నించినవాళ్లూ ఉన్నారు. చూపు ఆనని చీకటి ఒక పక్క, చావు ఒక పక్క.

ఫెల్లింగ్ మృతులకు అంత్యక్రియలు జరిపించిన మతగురువు జాన్ హాడ్సన్. గని ప్రమాదాల సంగతి పేపర్లకెక్కడం యజమానులకు గిట్టని కాలం అది. హాడ్సన్ ఆ ప్రమాదం వివరాలను, చనిపోయినవాళ్ల పేర్లను, వయసులను అచ్చు వేయించాడు. జనం చదివారు, కదిలారు. 1813లో సండర్లాండ్‌లో గని ప్రమాదాల నివారణ కోసం ఒక సంఘం ఏర్పడింది. మతగురువులు, వైద్యులు, గని మేనేజర్లు అందులో కలిశారు. విలియం రీడ్ క్లానీ అనే డాక్టరు అప్పటికే ఒక దీపం తయారు చేశాడు. కొలిమితిత్తితో గాలి ఊదుతూ, నీళ్ల మీదుగా ఆ గాలిని లోపలికి పంపించే ఏర్పాటది. మంచి ఆలోచనే, కానీ అంత బరువైన సరంజామాను ఇరుకు సొరంగాల్లో మోసుకుంటూ పని చేయడం కుదరలేదు.

అప్పుడు ఆ సంఘం వాళ్లు పేరున్న రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీకి ఉత్తరం రాశారు. 1815 ఆగస్టులో డేవీ న్యూకాజిల్ వచ్చాడు. గనుల లోతుపాతులు తెలిసిన మేనేజర్ జాన్ బడిల్‌ను కలిసి గ్యాస్ ఎక్కడ ఊరుతుందో, గాలి ఎటు తిరుగుతుందో, ఏ పనిచోట ఏ దీపం వాడుతున్నారో అడిగి తెలుసుకున్నాడు. డేవీ లండన్ తిరిగి వెళ్లాక హాడ్సన్ హెబ్బర్న్ బాయిలోని గ్యాస్‌ను సీసాల్లో పట్టి, బిరడాలు బిగించి పంపించాడు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో డేవీ దాని మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. పక్కన సహాయకుడిగా ఉన్న 24 ఏళ్ల కుర్రాడు మైకేల్ ఫారడే.

కొన్ని వారాల్లోనే అసలు కీలకం దొరికింది. సన్నటి లోహపు గొట్టం గుండా మంట అవతలికి దాటలేకపోతోంది. లోహం వేడిని లాగేసుకుంటోంది, దాంతో మంట చల్లబడి ఆరిపోతోంది. గొట్టాల బదులు తీగలతో అల్లిన జాలీ పెట్టినా అదే ఫలితం. డేవీ చదరపు అంగుళానికి 784 కళ్లున్న జాలీని దీపం చుట్టూ గొట్టంలా చుట్టేశాడు. గాలీ, గ్యాసూ లోపలికి పోతాయి, వెలుగు బయటికొస్తుంది, మంట మాత్రం జాలీ దాటదు. 1816 జనవరిలో ఆ దీపాలను హెబ్బర్న్ బాయిలోకి దించారు. గ్యాస్ నిండిన చోట దీపం లోపల మంట చుట్టూ నీలి వెలుగు లేచింది గానీ, బయట ఏమీ అంటుకోలేదు.

ఆ నీలి వెలుగుతో ఇంకో మేలు కూడా జరిగింది. గ్యాస్ పెరిగే కొద్దీ అది పైకి సాగుతుంది. ఆక్సిజన్ తగ్గిన చోట మంట కుంగిపోయి ఆరిపోతుంది. అలా వెలుతురు కోసం చేసిన దీపమే ప్రమాదాన్ని ముందుగా చెప్పే పరికరం కూడా అయింది.

అదే 1815లో, ఆ దగ్గరలోనే ఉన్న కిల్లింగ్‌వర్త్ గనిలో జార్జ్ స్టీఫెన్‌సన్ సొంతంగా మరో రక్షణ దీపం చేసి గ్యాస్ దగ్గర పరీక్షించాడు. 18 ఏళ్లు వచ్చాక గానీ చదవడం, రాయడం నేర్చుకోని ఇంజిన్ పనివాడు అంత పని చేశాడంటే లండన్ పెద్దలు నమ్మలేదు. ముందెవరిది అనే గొడవ చాలాకాలం నడిచింది. ఇద్దరూ విడివిడిగానే కనిపెట్టారని ఇవాళ చరిత్రకారులు సాధారణంగా ఒప్పుకుంటారు. పేటెంట్ తీసుకుంటే ఏటా వేల పౌండ్లు వస్తాయని బడిల్ చెప్పినా డేవీ తీసుకోలేదు. మనుషులకు మేలు జరగడమే తనకు కావాల్సిందన్నాడు. ఆ మాటకు ఆయనకు చేతులెత్తి మొక్కాలి.

కథ ఇక్కడితో ముగిస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది. 1835లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఒకటి లెక్కలు తీసింది. డర్హమ్, నార్తంబర్లాండ్ గనుల్లో దీపం రాకముందు 18 ఏళ్లలో 447 మంది చనిపోతే, వచ్చాక 18 ఏళ్లలో 538 మంది చనిపోయారు. దీపం ఉంది కదా అని, అంతకుముందు గ్యాస్ భయంతో వదిలేసిన పొరల్లోకి, ఇంకా లోతుకు మనుషుల్ని దించారు. గాలి ఆడే ఏర్పాట్లకు పెట్టాల్సిన డబ్బు పెట్టలేదు. జాలీ వల్ల వెలుతురు మసకగా ఉండేది. కొట్టిన బొగ్గును బట్టి కూలి గనక, కార్మికుడు జాలీ తీసి పని చేసేవాడు. గాలి వడిగా వీచిన చోట మంట జాలీ దాటేది కూడా.

దీపం పనితీరు గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు రోజూ దాని వెలుగులో బొగ్గు కొట్టిన మనిషి. సండర్లాండ్ సంఘంలో మతగురువు ఉన్నాడు, డాక్టరున్నాడు, మేనేజరున్నాడు. వాళ్లు పిలిపించిన శాస్త్రవేత్త ఉన్నాడు. ఆ మనిషికే చోటు లేదు. కూలి రేటుకూ, జాలీ తీయడానికీ ఉన్న సంబంధం ప్రయోగశాలలో బయటపడే సంగతి కాదు. కార్మికుణ్ణి అడిగితే చెప్పేవాడు. 1839లో సెయింట్ హిల్డా గని పేలాక ఏర్పడ్డ సౌత్ షీల్డ్స్ కమిటీ దీపం ఒక్కటే సరిపోదని, గాలి బాగా ఆడాలని గట్టిగా చెప్పింది. ప్రభుత్వ తనిఖీ చట్టం 1850లో వచ్చింది.

ఆ దీపం మన సింగరేణి బొగ్గు గనుల దాకా వచ్చింది. తలకు ఎలక్ట్రిక్ లైట్లు వచ్చాక కూడా భూగర్భ గనుల్లో పని పర్యవేక్షించే సర్దార్లు, ఓవర్‌మన్లు ఫ్లేమ్ సేఫ్టీ ల్యాంప్ పట్టుకుని దిగి, వత్తి తగ్గించి, నీలి మంట ఎత్తు చూసి గ్యాస్ పరీక్ష చేశారు. మీథేన్ 1.25 శాతానికి చేరితే ఆ చోటి నుంచి మనుషుల్ని వెంటనే తప్పించాలన్నది నిబంధన. కార్మికుల తరఫున వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు, గనుల్లో సేఫ్టీ కమిటీలు ఉండాలన్న నియమాలూ మన దేశంలో ఉన్నాయి. 1815లో లేనిది అదే.

ఫార్మా కంపెనీ అయినా, స్పిన్నింగ్ మిల్లయినా, బొగ్గుబాయి అయినా, పనివాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన మొదలుపెట్టే ప్రతివాళ్లకూ ఒక్క విన్నపం. పరికరం గీత కాగితం మీదికి రాకముందే, దాన్ని వాడబోయే మనిషిని పిలిచి కూర్చోబెట్టండి. ఆయన చెప్పేది రాసుకోండి. పరికరం చేతికిచ్చాక ఏడాదికి మళ్లీ వెళ్లి అడగండి.