తంజావూరు రాజప్రాసాదం: తల్లిదండ్రులతో కలసి చూడవలసిన తెలుగు కొలువు

తమిళనాడులోని తంజావూరు నగరంలో, బృహదీశ్వరాలయానికి కొద్ది దూరంలో ఉన్న పాత రాజగృహ సముదాయమే తంజావూరు రాజప్రాసాదం. స్థానికులు దీనిని ‘అరణ్మనై’ అని పిలుస్తారు. నేడు దీనిని మరాఠా రాజభవనంగా పరిచయం చేయడం పరిపాటి. అయితే దీనికి పునాది వేసినవారు తెలుగు మాతృభాషగా గల నాయకరాజులు. తమిళనాట తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ప్రాసాదం పూర్వుల చరిత్రను కంటికి చూపే స్థలం.

చరిత్ర

విజయనగర సామ్రాజ్య కాలంలో, 16వ శతాబ్దంలో చెవ్వప్ప నాయకుడు తంజావూరు నాయక రాజ్యాన్ని స్థాపించినాడు. అతని తరువాత అచ్యుతప్ప, రఘునాథ, విజయరాఘవ నాయకులు పాలించినారు. రఘునాథ నాయకుడు 1620లో డెన్మార్కు వర్తకులతో ఒడంబడిక చేసుకొని, తరంగంబాడి తీరంలో వారికి చోటిచ్చినాడు. స్వయంగా కవి అయిన ఆయనకే చేమకూర వేంకటకవి ‘విజయవిలాసము’ను అంకితమిచ్చినాడు. విజయరాఘవుని కొలువులో రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసము’ను రచించినది.

1673లో మధుర నాయకుడైన చొక్కనాథుని సేనలతో జరిగిన యుద్ధంలో విజయరాఘవుడు మరణించినాడు. ఆ తరువాత కొద్ది కాలానికే మరాఠా వంశీయుడైన ఏకోజీ తంజావూరును వశపరచుకొన్నాడు. రాజవంశం మారినా కొలువులో తెలుగు నిలిచినది. ఏకోజీ కుమారుడు శాహజీ తెలుగులో యక్షగానాలు వ్రాసినాడు. 18వ శతాబ్దంలో ప్రతాపసింహుని కాలంలో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ వెలువడినది. 1855లో చివరి రాజైన శివాజీ మరణించగా, మగసంతానం లేదన్న కారణంతో ఈస్టిండియా కంపెనీ రాజ్యాన్ని కలుపుకొన్నది.

చూడవలసినవి

నాయకుల దర్బారు మంటపంలో ఇప్పుడు కళాప్రదర్శనశాల ఉన్నది. 1951లో ఏర్పడిన ఈ శాలలో చోళుల కాలపు కంచు విగ్రహాలు ప్రసిద్ధమైనవి. రెండవ శరభోజి (1798–1832) చలువరాతి విగ్రహమూ ఈ మంటపంలోనే ఉన్నది. వర్ణచిత్రాలతో నిండిన స్తంభాలు, కమానులు గల మరాఠా దర్బారు మంటపం, కచేరీలకై నిర్మించిన సంగీతమహలు, ఎత్తైన గోపురాలు తక్కిన ముఖ్యభాగాలు.

వీటన్నిటికంటె తెలుగువారికి ముఖ్యమైనది సరస్వతీ మహల్ గ్రంథాలయం. నాయకుల నాటి గ్రంథ భాండారాన్ని మరాఠా రాజులు పెంచినారు. రెండవ శరభోజి తన కాశీయాత్రలోనూ ఎన్నో గ్రంథాలు సేకరించినాడు. 1918లో ఇది ప్రజలకు అందుబాటులోకి వచ్చినది. వ్రాతప్రతులలో అధికభాగం సంస్కృతం. తెలుగు, తమిళం, మరాఠీ ప్రతులూ ఉన్నవి. సందర్శకులకై కొన్నిటిని చిన్న ప్రదర్శనశాలలో ఉంచినారు. యక్షగానాలతో సహా కొన్ని తెలుగు కృతులను గ్రంథాలయమే అచ్చువేసినది.

పెద్దలతో వెళ్లేవారికి

చిత్తిరై, వైకాశి మాసాల ఎండ వృద్ధులకు తగదు. ఐప్పసి, కార్తికై మాసాలలో ఈశాన్య ఋతుపవన వర్షాలు కురుస్తాయి. జనవరి, ఫిబ్రవరి నెలలు అనుకూలం. ఉదయం తెరవగానే చేరుకొంటే తీరికగా చూడవచ్చును. సముదాయంలోని శాలలు వేర్వేరు నిర్వహణలలో ఉన్నందున టిక్కెట్లు, సెలవు దినాలు వేరు కావచ్చును; బయలుదేరే ముందే తెలుసుకొనడం మంచిది. గోపురాల మెట్లు ఇరుకైనవి, నిటారైనవి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను ఎక్కించరాదు. మొదట నాయకుల దర్బారు, పిమ్మట గ్రంథ ప్రదర్శనశాల, అటుపై మరాఠా దర్బారు అనే వరుసలో చూస్తే, అలసట కలిగేలోపే ముఖ్యమైనవి పూర్తవుతాయి.

పెద్దలు వెంట ఉండడంవల్ల కలిగే ప్రయోజనం మరొకటి ఉన్నది. తమిళనాటి తెలుగు ఇండ్లలో పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని, చాలామందికి చదవడం రాదు. 2006 నాటి చట్టంతో ఆ రాష్ట్ర పాఠశాలల్లో తమిళం తప్పనిసరి పాఠ్యభాష అయినది. తెలుగు బడిలో చదివిన తల్లి గాని తండ్రి గాని ఉన్న ఇంట అక్షరం ఇంకా ఉన్నట్టే. తాళపత్రంపై పదాల నడుమ ఎడం ఉండదు. అచ్చుపుస్తకాలు చదివేవారికీ అది సులభం కాదు. అయినా పెద్దలు ఒక్కొక్క అక్షరాన్ని గుర్తించి చూపుతుంటే, తమ ఇంటి మాటకు ఇంత పాత వ్రాత ఉన్నదని పిల్లలకు బోధపడుతుంది.

లిపి మరుగున పడితే ఏమవుతుందో చెప్పే నిదర్శనమూ ఈ గ్రంథాలయంలోనే ఉన్నది. మరాఠా పాలకుల దఫ్తరాలు మోడి లిపిలో ఉన్నవి. ఆ లిపి వాడుక తప్పినందున నేడు మరాఠీ మాతృభాషగా గలవారిలోనూ వాటిని చదవగలవారు అరుదు. కాగితం ఉన్నది, భాష ఉన్నది. చదివే కన్ను మాత్రం నిపుణుల వద్దనే మిగిలినది.

అందువల్ల ఈ యాత్రను పెద్దల ఆరోగ్యం అనుకూలించినప్పుడే తలపెట్టడం ఉచితం. తిరిగి వచ్చేటప్పుడు తంజావూరు కొలువులో పుట్టిన తెలుగు కృతి ఏదైనా అచ్చులో దొరికితే తెచ్చుకొని, తల్లి చేత గాని తండ్రి చేత గాని రోజుకొక పుట చదివించుకొంటూ, పిల్లల చేత ఆ అక్షరాలు దిద్దించవచ్చును.