కోనసీమ నుంచి ప్రపంచ వేదికకు

1977లో స్వీడన్‌లోని మాల్మోలో బ్యాడ్మింటన్ ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైంది. గోదావరి డెల్టా బిడ్డలు పతకాలు గెలిచింది ఇందులోనే.

అంతవరకు ఆల్ ఇంగ్లండ్ టోర్నీ విజేతకే జగజ్జేత గౌరవం దక్కేది. ఈ చాంపియన్‌షిప్‌లో గెలిస్తే డబ్బు రాదు. పతకం, ర్యాంకింగ్ పాయింట్లే ప్రతిఫలం. భారత్‌కు తొలి పతకం 1983లో ప్రకాశ్ పదుకొణే సాధించిన కాంస్యం. పురుషుల సింగిల్స్‌లో మళ్లీ పతకం రావడానికి 36 ఏళ్లు పట్టింది. 2019లో సాయి ప్రణీత్ ఆ లోటు తీర్చాడు.

ఆ తర్వాత వంతు కోనసీమది.

అరటి మార్కెట్‌కు పేరున్న రావులపాలెంలో పుట్టిన కిదాంబి శ్రీకాంత్, 2021 డిసెంబరులో స్పెయిన్‌లోని హుయెల్వాలో ఫైనల్‌ దాకా వెళ్లాడు. భారత పురుషుల్లో అది ఎవరికీ అందని మెట్టు. సింగపూర్ ఆటగాడు లో కీన్ యూ చేతిలో 15-21, 20-22తో ఓడినా రజతం దక్కింది.

మరుసటి ఏడాది టోక్యోలో అమలాపురం కుర్రాడు, వ్యాయామోపాధ్యాయుడి కొడుకు సాత్విక్ సాయిరాజ్, ముంబైకి చెందిన చిరాగ్ శెట్టితో కలిసి కాంస్యం గెలిచాడు. పురుషుల డబుల్స్‌లో దేశానికి అదే మొదటి పతకం. 2025లో పారిస్‌లో ఈ జోడీ మరో కాంస్యం అందుకుంది.

ఈ ఇద్దరూ ఒకే జట్టుగా మెరిసింది 2022 మేలో, బ్యాంకాక్‌లో జరిగిన పురుషుల జట్ల పోటీ థామస్ కప్ ఫైనల్‌లో. ప్రత్యర్థి 14 సార్లు విజేత ఇండోనేషియా. భారత్ 3-0తో తొలిసారి కప్పు గెలిచింది. అందులో రెండో మ్యాచ్ సాత్విక్ జోడీది, మూడోది శ్రీకాంత్‌ది.